ముప్పై ఐదు మార్కుల పగడాలు

పగడాలు చచ్చిపోవడానికి ఇంకా తొమ్మిది గంటల టైముంది.

బుగత సన్యాసిరావు మరోసారి మణికట్టు చూసుకున్నాడు. విశాఖపట్నం పూర్ణా మార్కెట్ దగ్గర ముప్పై ఏళ్ళుగా వాచీలు బాగుచేస్తున్న మనిషి, ఆయన లెక్కలో అరనిమిషం కూడా తేడా రాదు. ఇప్పుడు ఉదయం తొమ్మిది. పగడాల నర్సరీవాళ్ళు ఫోన్లో చెప్పింది సాయంత్రం ఆరు. ఆలోగా సంచుల్లోంచి తీసి తొట్టెలో పెడితే బతుకుతాయి. లేకపోతే సంచిలో నీళ్ళు పాడై, వాటితోపాటు అవీ పోతాయి.

ఎంతో దూరంలో లేవు. చెయ్యి చాపితే అందేట్టు కౌంటరు మీదే ఉన్నాయి, థర్మాకోల్ పెట్టెలో. మధ్యలో అడ్డం ఒక్కటే: గృహ సముద్రాల అభివృద్ధి మండలి.

ఆ మండలి పుట్టుక చాలా చిన్న కథ. రెండేళ్ళ కిందట ఎవరో పెద్దాయన విదేశం వెళ్ళి, హోటల్లో పగడాల అక్వేరియం ముందు అరగంట కూర్చుని, బీపీ తగ్గించుకుని తిరిగొచ్చాడు. వారం తిరక్కుండా ‘ఇంటింటా సముద్రం’ పథకం వచ్చింది. పథకానికి మండలి వచ్చింది. మండలికి భవనం, భవనానికి లిఫ్టు, లిఫ్టుకి ఆపరేటరు వచ్చారు. ఊళ్ళో జనం ఎగబడి, ఎకాయెకిన కొమ్మలు కొమ్మలుగా ఉండే సుకుమారపు రాతి పగడాలు తెచ్చుకుని, పది రోజుల్లో వాటిని సున్నపురాళ్ళు చేసేశారు. అప్పుడు మండలి చాలా సదుద్దేశంతో ఒక నిబంధన పెట్టింది. మొదటిసారి పెంచేవాళ్ళకి మొండి ప్రాణం గల పగడాలే ఇవ్వాలి.

సదుద్దేశం అక్కడితో సరి. మరి ఎవరు మొదటిసారివాళ్ళో ఎవరో ఒకరు తేల్చాలి కదా. అందుకని పగడాల పార్శిళ్ళన్నీ నేరుగా మండలికే రావాలనీ, ‘ధ్రువీకృత ప్రారంభకుడు’ అన్న సర్టిఫికెట్ చూపించినవాళ్ళకే ఇవ్వాలనీ రాసుకున్నారు.

సన్యాసిరావుకి ఆ నిబంధన మీద కోపమేం లేదు. ఆయన ఎంచుకున్నవే మొండివి. వెలుతురు కాస్త తక్కువైనా ఏడవని పుట్టగొడుగు పగడం ఒకటి, తోలులా మందంగా ఉండే లెదర్ ఒకటి, ఆకుపచ్చ గడ్డిలా పరుచుకునే గ్రీన్ స్టార్ ఒకటి. కొత్తవాడి తప్పుల్ని క్షమించే రకాలు. అవి వచ్చేలోపు అరవై లీటర్ల తొట్టెలో ఉప్పునీళ్ళు నింపి, రాళ్ళు పేర్చి, నీళ్ళు పక్వానికి రావాలని రెండు నెలలపాటు ఊరికే చూస్తూ కూర్చున్నాడు. భార్య హైమావతి ఆ రెండు నెలలూ చుట్టాలందరికీ ఒకటే మాట చెప్పింది, మా ఆయన నీళ్ళు పెంచుతున్నారని.

ఇప్పుడెవరి చేతుల్లో వాచీలున్నాయి? అందరూ ఫోన్లోనే టైము చూసుకుంటున్నారు. కొట్లో ఈగలు తోలుకోవడం తప్ప పని లేదు. రోజంతా చచ్చిపోయిన ముళ్ళని చూసీ చూసీ, ఇంటికెళ్ళాక కదిలేదేదైనా ఒకటి చూడాలని ఆయన ఆశ. పైకి చెప్పుకోలేదు గానీ అదే అసలు సంగతి.

కౌంటరు వెనక బెవర గుర్నాథం కూర్చున్నాడు. ముప్పై దాటని సన్నటి మనిషి. మండలిలో చేరి మూడేళ్ళయింది, అంటే మండలి కంటే ఏడాది సీనియరు. ఎలాగని ఎవరూ అడగలేదు. అర్జీలో అనుభవం అన్న గడిలో సన్యాసిరావు ‘లేదు’ అని రాయడం చూసి గుర్నాథం నొచ్చుకున్నాడు. అనుభవం లేనివాళ్ళకి ప్రాణుల్ని అప్పగించడం కుదరదట. సన్యాసిరావు అది కొట్టేసి ‘రెండు నెలలు’ అని రాశాడు. గుర్నాథం ఇంకా నొచ్చుకున్నాడు. అనుభవం ఉన్నవాళ్ళని ప్రారంభకులనడం కుదరదట.

“మరేం రాయమంటారు బాబూ?”

“అది మేం చెప్పకూడదు మాస్టారూ. దానికే పరీక్ష పెడతాం. ముందు తలలు లెక్కెట్టాలి.”

తలలేమిటో సన్యాసిరావుకి అర్థమయ్యేలోపు గుర్నాథం పెట్టె తెరిచి, గ్రీన్ స్టార్ ఉన్న సంచిని ట్యూబ్‌లైటుకి ఎత్తిపట్టి, బాల్‌పెన్ను మొనతో లెక్క మొదలెట్టాడు. ప్రారంభకుడికి ఐదు ప్రాణులకి మించి ఇవ్వరాదు. ఆ రాతిముక్క మీద ఉన్నవి సన్నటి నోళ్ళు, ఒక్కో నోరూ ఒక్కో ప్రాణి. నూట డెబ్బై దగ్గర గుర్నాథానికి తుమ్మొచ్చింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాడు. పదకొండు గంటలకి రెండువందల పన్నెండని తేల్చి, పరిమితికి రెండువందల ఏడు ఎక్కువని అర్జీ మీద ఎర్రసిరాతో రాశాడు.

సన్యాసిరావు పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాడు. గోరువెచ్చగా తగిలింది. బల్ల మీది తన తువ్వాలు మంచినీళ్ళ కుళాయి కింద తడిపి తెచ్చి పెట్టెకి చుట్టాడు. తర్వాత మనసులో పళ్ళు నూరుకుంటూ, పైకి మాత్రం వాచీ మరమ్మతులో వాడే నిదానంతోనే అడిగాడు, రేషన్ కార్డు ఎలా ఇస్తారని.

గుర్నాథం ఆలోచించకుండానే చెప్పాడు. ఎంతమంది ఉన్నా పొయ్యి ఒక్కటైతే కార్డు ఒక్కటే.

“ఇవీ అంతే. నోళ్ళు వేరు గానీ కింద కడుపు ఒక్కటే. ఒకటి తింటే అందరికీ చేరుతుంది.”

గుర్నాథం సంచిని ఇటూ అటూ తిప్పి చూశాడు. లోపలికెళ్ళి పావుగంట సంప్రదించి వచ్చాడు. ఉమ్మడి కుటుంబం కింద పరిగణించవచ్చునని పై నుంచి ఆమోదం వచ్చింది, కానీ కుటుంబ పెద్ద పేరు రాయాలి. సన్యాసిరావు మధ్యలో కాస్త పొడుగ్గా ఉన్నదాన్ని చూపించాడు. వయసు అడిగారు. చెప్పాడు. చదువు అడిగారు. లేదన్నాడు. మూడు కుటుంబాలూ ఇలా నమోదయ్యేసరికి పన్నెండున్నర అయింది.

పరీక్ష పై అంతస్తులో. ఆ హాల్లో గోడ పొడుగునా మండలివారి సొంత అక్వేరియం ఉంది, అందులో అన్నీ ప్లాస్టిక్ పగడాలు. ఎందుకంటే మండలి ఉద్యోగులందరూ నియామక ఉత్తర్వుల ప్రకారం నిపుణులు, కాబట్టి మొండి పగడాలు వాళ్ళకి ఇవ్వరాదు. నిపుణులకిచ్చే సుకుమారపు పగడాలు తెప్పిద్దామంటే వాటిని పెంచడం అక్కడ ఎవరికీ రాదు. ప్లాస్టిక్ పగడాల మీద వారానికోసారి దుమ్ము దులుపుతారు. నీళ్ళలో ఉన్నవాటికి దుమ్మెలా పడుతుందని సన్యాసిరావు అడగలేదు. నీళ్ళు లేవు.

పరీక్ష రాసే ముందు గుర్నాథం జాలిపడి నియమం వివరించాడు. ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు మార్కులు. ముప్పై ఐదు కంటే తక్కువొస్తే అనర్హుడు, పగడాలు చంపేస్తాడు. ఎక్కువొస్తే నిపుణుడు, మొండి పగడాలకి తగడు. సరిగ్గా ముప్పై ఐదు వస్తేనే ప్రారంభకుడు. ఇంతవరకూ ఎంతమందికి వచ్చిందని అడిగితే గుర్నాథం కిటికీలోంచి బయటికి చూశాడు.

సన్యాసిరావు ప్రశ్నపత్రం చదివాడు. ఇరవయ్యీ తెలుసు. రెండు నెలలు నీళ్ళ ముందు కూర్చున్నవాడికి తెలియకుండా ఎలా ఉంటాయి? ఏడింటికి ఒప్పు రాశాడు. మిగతా పదమూడింటికీ ఒక్కోటీ ఆలోచించి, పొరపాటున కూడా అర మార్కు పడకుండా తప్పు రాశాడు. తొట్టె ఎక్కడ పెట్టాలంటే మిట్టమధ్యాహ్నం ఎండపడే కిటికీలో అన్నాడు. రెండు రకాల పగడాల మధ్య ఎంత ఎడం ఉండాలంటే, ఒకదాని మీద ఒకటి పేర్చాలన్నాడు. అలా పెడితే అవి ఒకదాన్నొకటి కుట్టుకు చస్తాయని ఆయనకి తెలుసు. నిమిషాల ముల్లు సర్దినంత జాగ్రత్తగా రాసి ఇచ్చాడు.

రెండున్నరకి జాయింట్ రిజిస్ట్రారు దేవగుప్తపు సోమయాజులు స్వయంగా పిలిపించాడు. పంచెకట్టు, బంగారు ఫ్రేము కళ్ళజోడు. ఆయన మనుషులతో మాట్లాడుతున్నప్పుడు కూడా ఫైలుతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. సన్యాసిరావు జవాబుపత్రం ఆయన ముందుంది, మీద ముప్పై ఐదు వేసి ఉంది.

“సదరు అర్జీదారుకి సరిగ్గా ముప్పై ఐదు మార్కులు వచ్చినట్లు మండలి గమనించినది.”

సన్యాసిరావు గుండె పైకి లేచింది.

“తప్పు జవాబులు పదమూడింటినీ మండలి పరిశీలించగా, అవన్నీ సరైన జవాబుకి కచ్చితంగా వ్యతిరేక దిశలో ఉన్నట్లు కూడా గమనించినది. తెలియనివాడు ఇంత క్రమశిక్షణతో తప్పు రాయజాలడు. కావున అర్జీదారు నిపుణుడని నిర్ధారించడమైనది.”

సన్యాసిరావు గుండె కూర్చుంది. ఏదో చెప్పబోతే సోమయాజులు చెయ్యెత్తి ఆపి, నిపుణుడైనందుకు మండలి తరఫున అభినందనలు తెలిపాడు. సుకుమారపు పగడాలకి అర్జీ పెట్టుకోవచ్చు, ఆరు నెలల్లో పరిశీలిస్తారు. కింద ఉన్న మూడు ముక్కలూ ఆఫీసు వేళలు ముగిశాక, అంటే ఐదింటికి, నిరర్థక సామగ్రి గదికి పోతాయి.

మెట్లు దిగుతుంటే సన్యాసిరావుకి చూపు ఆనలేదు. కౌంటరు మీద తడి తువ్వాలు ఆరిపోయింది. లెదర్ ఉన్న సంచిలో నీళ్ళు పొద్దుట తేటగా ఉన్నవి, ఇప్పుడు కుడితిలా అయ్యాయి. ఎవరికి చెప్పుకోవాలో తోచక ఇంటికి ఫోన్ చేశాడు. హైమావతి మొత్తం వింది. తర్వాత, ఆ ప్రశ్నలేవో తనని అడగమని చెప్పి ఫోన్ పెట్టేసింది.

నాలుగింటికి ఐదు నిమిషాలుండగా ఆవిడ చెమటలు కక్కుకుంటూ వచ్చింది. భర్త వైపు చూడలేదు. పెట్టె మూత తీసి లోపల చూసి, “వీటికోసమా,” అని మూత పెట్టేసి, తన పేరున అర్జీ రాసిచ్చి నేరుగా పైకెళ్ళింది.

ప్రశ్నపత్రాలు అయిపోయాయని, మౌఖికంగా అడగొచ్చునా అని సోమయాజులు నిబంధనల పుస్తకం తిరగేశాడు. వద్దని ఎక్కడా లేదు. గుర్నాథం మార్కులు వేస్తూ పక్కన నిలబడ్డాడు. సన్యాసిరావుని గుమ్మం బయట ఉంచారు, సైగలు చేస్తాడని.

లైటు ఏ రంగుదని అడిగితే తెలీదంది. రోజుకెన్నిసార్లు మేత వెయ్యాలంటే, కడుపు నిండా ఎన్నిసార్లయినా అంది. రెండు పగడాల్ని ఎలా ఉంచాలంటే, పాపం ఒంటరివి కదా, పక్కపక్కనే అంది. గుమ్మం బయట సన్యాసిరావు తల గోడకి ఆనించాడు. సున్నా, సున్నా, సున్నా.

తొట్టెలో నీళ్ళు ఆవిరై తగ్గిపోతే ఏవి కలపాలి, ఉప్పునీళ్ళా మంచినీళ్ళా అని అడిగాడు సోమయాజులు.

“చారు మరిగి ఇగిరిపోతే మళ్ళీ ఉప్పు వేస్తామా అండీ? నీళ్ళు పోతాయి, ఉప్పు ఎక్కడికీ పోదు. మంచినీళ్ళే.”

గుర్నాథం ఐదు వేశాడు. పగడం రోజంతా ముడుచుకుపోయి ఉంటే ఏం చెయ్యాలన్నది తర్వాతి ప్రశ్న.

“ఏమీ చెయ్యకూడదు. అలిగినవాళ్ళని కెలికితే ఇంకా బిగుసుకుంటారు.”

సోమయాజులు కళ్ళజోడు సవరించుకున్నాడు. ఇంకో ఐదు. అలా కొన్ని వంటింటి దారిన ఒప్పయ్యాయి, చాలా మటుకు బొత్తిగా తప్పయ్యాయి. పంతొమ్మిది ప్రశ్నలు ముగిసేసరికి గుర్నాథం లెక్క కూడి, తల పైకెత్తి గుమ్మం వైపు చూశాడు. ముప్పై. ఒక్క ప్రశ్న మిగిలింది. టైము నాలుగూ నలభై రెండు.

“కొత్త తొట్టెలో మొట్టమొదట ఏ పగడం పెడతారు?”

సన్యాసిరావు గుమ్మానికి మరింత దగ్గరగా జరిగాడు. దీనికి జవాబు ఆవిడకి తెలిసే దారే లేదు. తను చెప్పబోతే ప్రతిసారీ చెవులు మూసుకుంది.

“ఏదీ పెట్టను,” అంది హైమావతి.

“అనగా?”

“మొదట ఏదీ పెట్టకూడదంట. ఊరికే నీళ్ళే పెట్టి చూడాలంట. నాకెలా తెలుసంటే మా ఆయన రెండు నెలలు చూశారు. పండక్కి కూడా కదల్లేదు. ఏముందండీ అందులో అంటే, ఇంకేమీ రాలేదు, వస్తుంది అనేవారు. నాకు ఒళ్ళు మండేది. ఇవాళ ఫోన్లో ఆయన గొంతు విన్నాక మండలేదు.”

సోమయాజులు చేతిలో ఉన్న జవాబుల కాగితం చూశాడు. ఇరవయ్యో నంబరుకి ఎదురుగా ఒకే మాట ఉంది: ఏదీ కాదు. మండలి చరిత్రలో ఆ ప్రశ్నకి సరైన జవాబు రావడం అదే మొదలు, ఎందుకంటే పగడం కోసం వచ్చినవాడెవడూ పగడం వద్దనడు. ఆయన చాలాసేపు కలం మూత తీస్తూ పెడుతూ కూర్చుని, చివరికి సంతకం పెట్టాడు.

అయితే షరతు ఒకటి జతచేశాడు. ప్రారంభకురాలు నివసించు గృహమందే ఒక నిపుణుడు కూడా నివసించుచున్నందున, సదరు నిపుణుడి ప్రభావం పగడాలపై పడకుండునట్లు అతడు ఎల్లవేళలా ఆరడుగుల దూరంలో ఉండవలెను. తనిఖీ నిమిత్తం గుర్నాథం వెంట వెళ్ళవలెను. మర్నాడు ఉదయం ఎనిమిదికల్లా పగడాలు విచ్చుకొననిచో సఖ్యత కుదరనట్లు భావించి, వెనక్కి స్వాధీనం చేసుకొనవలెను.

ఐదూ పదికి మండలి ముందు నుంచి రెండు ఆటోలు బయల్దేరాయి. ముందు ఆటోలో పెట్టె ఒళ్ళో పెట్టుకుని హైమావతి, పక్కన టేపు పట్టుకుని గుర్నాథం. వెనక ఆటోలో సన్యాసిరావు ఒక్కడే. జగదాంబ దగ్గర సిగ్నల్ పడి రెండు ఆటోలూ పక్కపక్కకి వచ్చేస్తే, గుర్నాథం తల బయటికి పెట్టి కొలిచి, వెనక ఆటోని కాస్త వెనక్కి తీయించాడు.

అల్లిపురంలో ఇంటికి చేరేసరికి ఐదూ ముప్పై. గుర్నాథం తొట్టె ముందు నుంచి ఆరడుగులు కొలిచి, ముగ్గుపిండి అడిగి తీసుకుని, హాల్లో అడ్డంగా గీత గీశాడు. గీత అవతల సన్యాసిరావు నిలబడ్డాడు. ముందు సంచులు మూతి విప్పకుండా నీళ్ళ మీద తేలించాలి, వేడి సమానం కావాలి అని చెప్పబోయాడు.

“మాట కూడా ప్రభావమేనండి,” అన్నాడు గుర్నాథం, చాలా మర్యాదగా.

సన్యాసిరావు నోరు మూసుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఇంత కష్టమైన పని ఆయన చెయ్యలేదు.

హైమావతి సంచుల్ని చేత్తో పట్టుకుని చూసింది. తొట్టెలో వేలు ముంచి చూసింది. చంటిపిల్లకి స్నానానికి నీళ్ళు తొరిపినట్టు మొహం పెట్టి, సంచుల్ని అలాగే తొట్టెలో వదిలింది. అవి తేలాయి. సన్యాసిరావు కళ్ళు మూసుకుని తెరిచాడు. పావుగంట తర్వాత మూతులు విప్పి, తొట్టెలో నీళ్ళు గరిటెడు గరిటెడు సంచుల్లో కలిపింది. ఐదూ యాభై నాలుగు. ఇప్పుడు సంచి మొత్తం తొట్టెలో గుమ్మరిస్తుందేమోనని ఆయన గుప్పిళ్ళు బిగించాడు. ఆ కుళ్ళు నీళ్ళు పడితే రెండు నెలల నీళ్ళు మట్టిలో కలిసినట్టే. ఆవిడ సంచి ఎత్తింది. వాసన చూసింది. ముక్కు చిట్లించి, పగడాన్ని మాత్రం పైకి తీసి రాయి మీద కూర్చోబెట్టి, ఆ నీళ్ళు పట్టుకెళ్ళి సింకులో పారబోసింది. అలాగే రెండోదీ, మూడోదీ. పక్కపక్కనే పెట్టబోయి, మొహం తిప్పి భర్త కళ్ళలోకి చూసి, ఏం చదువుకుందో, దూరదూరంగా జరిపింది. గుర్నాథం టేపు మడత పెట్టుకుంటున్నాడు. చూడలేదు.

ఐదూ యాభై తొమ్మిది.

మూడూ ముడుచుకుపోయి, నానబెట్టిన చింతపండు ఉండల్లా ఉన్నాయి.

తెల్లారి ఏడున్నరకి గుర్నాథం సంచీతో, స్వాధీన పత్రాలతో వచ్చాడు. చింతపండు ఉండలు చింతపండు ఉండల్లాగే ఉన్నాయి. సన్యాసిరావు గీత వెనక కుర్చీలో, తెల్లవార్లూ కూర్చున్నవాడి మొహంతో ఉన్నాడు. ఏడూ నలభై. గుర్నాథం పత్రంలో పేర్లు నింపాడు. ఏడూ యాభై. కాస్త నీళ్ళు కదిపి చూడమంటారా అని గుర్నాథమే అడిగాడు, ఎందుకో అతని గొంతు కూడా నీరసంగా ఉంది. హైమావతి వద్దంది. వాటినలా వదిలెయ్యమంది. స్టూలు మీద కూర్చుని అద్దం వైపు చూస్తూనే ఉంది.

ఏడూ యాభై ఆరుకి గ్రీన్ స్టార్ మీద ఒక పచ్చటి చుక్క లేచింది. మెంతి గింజ పగిలినంత. తర్వాత దాని చుట్టూ ఎనిమిది సన్నటి వేళ్ళు విచ్చుకున్నాయి. దాని పక్కన ఇంకోటి. ఆ పక్కన నాలుగు. చూస్తుండగానే రాయి మొత్తం పచ్చబడి, అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది, గాలికి వరిమడి ఊగినట్టు. పుట్టగొడుగు అంచులు మెల్లగా పైకి లేచాయి.

గుర్నాథం చేతిలో పత్రాలు జారాయి. మూడేళ్ళుగా మండలిలో చేస్తున్నాడు. పగడం తెరుచుకోవడం అతను ఎప్పుడూ చూడలేదు. నోరు తెరుచుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ, గీత దాటి తొట్టె దగ్గరికి వంగాడు.

“బాబూ,” అంది హైమావతి, వెనక్కి తిరక్కుండానే. “మీకు మూడేళ్ళ అనుభవం కదా. గీత వెనక్కి వెళ్ళండి.”

గుర్నాథం తన కాళ్ళకేసి చూసుకున్నాడు. నిబంధన నిబంధనే. వెనక్కి నడిచి సన్యాసిరావు పక్కన నిలబడ్డాడు. సన్యాసిరావు కుర్చీలో సగం జరిగి చోటిచ్చాడు. ఇద్దరూ మెడలు చాపారు.

హైమావతి స్టూలు ఇంకాస్త ముందుకి లాక్కుని అద్దానికి మొహం ఆనించేంత దగ్గరగా కూర్చుంది. దాంతో వాళ్ళిద్దరికీ ఆవిడ వీపు తప్ప ఇంకేమీ కనబడలేదు.